జెండా పాట ధరకే బస్తాలన్నీ అమ్ముడుపోవు

వరంగల్: ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తి, మిర్చి సీజన్ ముగిసి ఆఖరి లారీ కాంటా దాటిపోయిన తరువాత అడ్తి దుకాణాల్లో మిగిలేవి రెండే. ఒకటి ఖాతా పుస్తకాలు, రెండవది పనిలేని రొక్కం. పుస్తకాల సంగతి గుమాస్తా చూసుకుంటాడు. రొక్కం సంగతే యజమానికి నిద్ర పట్టనివ్వదు. వెనుకటి రోజుల్లో ఈ రొక్కానికి తెలిసిన దారులే ఉండేవి. కొంత కోల్డ్ స్టోరేజీలోని మిర్చి మీద, కొంత చిట్టీల్లో, కొంత హన్మకొండ, కాజీపేట వైపు ప్లాట్ల మీద, మిగిలినది బంగారం మీద పెట్టేవారు. ఇటీవలి సంవత్సరాల్లో సెల్‌ఫోన్‌లోని డీమ్యాట్ ఖాతా రూపంలో మరొక దారి తెరుచుకున్నది. దుకాణం అరుగు మీద తేజ, వండర్ హాట్ ధరల గురించి నడిచే సంభాషణ ఇప్పుడు కరెంటు షేర్లు, చిప్పుల షేర్లు, ఏఐ షేర్లు, ఆసుపత్రుల షేర్ల మీదికి మళ్లుతున్నది.

ఈ నాలుగు రంగాలూ బూటకమైనవి కావు. కరెంటు లేనిదే దీపం లేదు, చిప్పు లేనిదే ఫోను లేదు, మందు లేనిదే మనిషి లేడు. ఏఐ అనబడే కృత్రిమ మేధ పనికి వచ్చే విద్యేనని దానిని వాడి చూసిన వారెవరైనా ఒప్పుకుంటారు. అయితే సరుకు మంచిదా అనేది ఒక ప్రశ్న. ఈ ధరకు మంచిదా అనేది పూర్తిగా వేరొక ప్రశ్న. మిర్చి బస్తాలో చేయి పెట్టి రంగు, తేమ, తాలు చూసిన తరువాతనే పాట పాడే వర్తకుడికి ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు. విచిత్రమేమంటే, అదే వర్తకుడు షేర్ల దగ్గరకు వచ్చేసరికి బస్తా మూతి విప్పకుండానే బేరం కుదుర్చుకుంటున్నాడు.

జెండా ధర, అసలు ధర

ఎనుమాములలో ప్రతి ఉదయం జెండా పాట జరగడం అందరూ ఎరిగినదే. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశి వద్ద అధికారులు, అడ్తిదారులు, ఖరీదుదారులు గుమిగూడి ధర పాడతారు. ఆ ధరే మరునాడు పత్రికల్లో వస్తుంది. ఊళ్లో రైతు దానినే విని బండి కడతాడు. తీరా యార్డుకు వచ్చిన తరువాత ఖరీదుదారులు వరుసల వెంట తిరిగి, ఒక్కొక్క రాశిని చూసి, ఒక్కొక్క ధర కడతారు. జెండా ధర దక్కేది కొద్దిమందికే. తక్కిన బస్తాలు అంతకంటె తక్కువకు, కొన్ని చాలా తక్కువకు పోతాయి.

షేర్ల బజారులో కూడా ఇదే తంతు. అమెరికాలోని ఎన్విడియా కంపెనీ విలువ 2025 అక్టోబరు 29న 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచంలో ఏ కంపెనీకీ అంతకు ముందు ఆ విలువ రాలేదు. అది జెండా పాట. ఆ పాట విని, పేరులో ‘ఏఐ’ అనో ‘సెమీ’ అనో అక్షరాలున్న ప్రతి కంపెనీ షేరుకూ ఆ ధరే పలుకుతుందని అనుకోవడం, తాలు మిర్చికి జెండా ధర అడగడం వంటిదే. 1999, 2000 సంవత్సరాల్లో పేరు చివర ‘సాఫ్ట్‌వేర్’, ‘ఇన్ఫోటెక్’ అని తగిలించుకున్న కంపెనీలెన్నో బజారులోకి వచ్చాయి. వాటిలో చాలావాటి సర్టిఫికెట్లు ఇంకా కొందరి బీరువాల్లో ఉన్నాయి. కంపెనీలు మాత్రం లేవు.

సింగరేణి నాటి పాఠం

సరుకు నిజమై, ధర అబద్ధమైన కథ వెతకడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. ఖమ్మం జిల్లా 1953 దాకా వరంగల్‌లో భాగంగానే ఉండేది. అక్కడి ఇల్లెందు పరిసరాల్లో 1871లో భారత భూగర్భ శాస్త్ర సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ బొగ్గు కనుగొన్నాడు. 1886లో ఆ గనుల హక్కులు లండన్‌లో స్థాపితమైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. కంపెనీ మూలధనం 10 లక్షల పౌన్లుగా ప్రకటించారు. కాని షేర్లలో అత్యధిక భాగం హక్కులు సంపాదించిన దళారుల చేతికే పోయాయి. గనిలో పని పెట్టడానికి మిగిలిన రొక్కం స్వల్పం. ఆ షేర్లు లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో అసలు విలువకు మించి పలికాయి. కొన్నవారిలో నిజాం ప్రభుత్వం కూడా ఉన్నది. బేరం నడిపిన అధికారి అబ్దుల్ హక్‌పైనే ఆరోపణలు వచ్చాయి. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ ఈ వ్యవహారాన్ని విచారించింది.

బొగ్గు అబద్ధమా? కానే కాదు. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ గనులనే నడిపింది. 2023-24లో సింగరేణి తవ్విన బొగ్గు 7 కోట్ల టన్నులు. ఆ బొగ్గుతోనే భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం నడుస్తున్నది. నూట యాభై ఏళ్లుగా నేల కింద సరుకు ఉన్నది, పైన గిరాకీ ఉన్నది. అయినా మొదట ఎగబడి కొన్నవారికి నష్టమే మిగిలింది. కారణం వారు బొగ్గుకు ధర కట్టలేదు, బొగ్గు మీద పుట్టిన మాటకు ధర కట్టారు.

కరెంటు షేర్లు: గిరాకీ వేరు, వసూలు వేరు

దేశంలో విద్యుత్తు గిరాకీ పెరుగుతున్నదనడంలో సందేహం లేదు. స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసుతో సంబంధం లేని వనరులదేనని 2025 జూలైలో కేంద్రం ప్రకటించింది. 2030 నాటికి అటువంటి సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు చేర్చాలన్నది లక్ష్యం. కనుక సౌర పలకలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే కంపెనీల చేతినిండా ఆర్డర్లు ఉండడం సహజమే.

కాని 2008 జనవరిలో కూడా విద్యుత్తుకు గిరాకీ ఉన్నది. ఆ నెల రిలయన్స్ పవర్ కంపెనీ 450 రూపాయలకు షేరు అమ్మకానికి పెడితే అమ్మజూపిన దానికి 70 రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పటికి ఆ కంపెనీ చేతిలో ఉన్నవి కట్టబోయే కేంద్రాలే. ఫిబ్రవరి 11న షేరు బజారులోకి వచ్చిన మొదటి రోజే అమ్మిన ధరకు దిగువన ముగిసింది. ఆ తరువాత వెనక్కి తిరిగి చూడలేదనడానికి బదులు, పైకి తిరిగి చూడలేదని చెప్పుకోవాలి.

తెలుగు నేల మీద ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ఉన్నది. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు 2009లో పైకి రావడం మొదలైనప్పుడు, ఇక గ్యాసుకు కొదువ లేదన్న నమ్మకంతో ఆంధ్రప్రదేశ్‌లో గ్యాసు విద్యుత్ కేంద్రాలు విస్తరించాయి. రెండు మూడు ఏళ్లలోనే గ్యాసు తగ్గిపోయింది. కేంద్రాలు కట్టిన అప్పు మాత్రం తగ్గలేదు. విజయవాడ దగ్గరి కొండపల్లిలో గ్యాసు కేంద్రం కట్టిన హైదరాబాద్ కంపెనీ లాంకో, దేశవ్యాప్తంగా చేసిన అప్పుల భారంతో 2017లో దివాలా విచారణకు వెళ్లింది. 2018లో ఆస్తుల అమ్మకానికి ఆదేశాలు వెలువడ్డాయి. యంత్రాలు మంచివే. ఇంధనం రాలేదు, వడ్డీ ఆగలేదు.

ఇందులో వర్తకుడు గుర్తించవలసిన సూత్రం కొత్తది కాదు. సరుకు ఉద్దెర పోతే అమ్మకం పుస్తకంలో కనిపిస్తుంది గాని గల్లాపెట్టెలో కనిపించదు. విద్యుత్ కంపెనీల పెద్ద ఖాతాదారులు రాష్ట్రాల డిస్కములు. వాటి చెల్లింపులు ఎన్నెన్ని నెలలు ఆగుతున్నాయో చూడకుండా మెగావాట్ల లెక్క మాత్రమే చూసి షేరు కొనడం, బాకీదారుడి ఇల్లు చూడకుండా ఉద్దెర పెట్టినట్లే.

చిప్పు కూడా సరుకే

సెమీకండక్టర్ అనగానే అదేదో ఆకాశం నుంచి ఊడిపడిన వస్తువని చాలామంది భావిస్తున్నారు. నిజానికి, ముఖ్యంగా జ్ఞాపక చిప్పుల విషయంలో, మిర్చికీ చిప్పుకూ ఉన్న పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. 2022లో దేశీ మిర్చి ఎనుమాములలో క్వింటాలు 50 వేల రూపాయలు దాటింది. తులం బంగారంతో పోల్చి చెప్పుకున్నారు. ధర చూసి రైతులు మిర్చి సాగు పెంచారు. పంట విరగబడి వచ్చింది. 2025 ఫిబ్రవరి నాటికి ధరలు ఎంతగా పడిపోయాయంటే, ఆంధ్రప్రదేశ్ మిర్చి కోసం కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం పథకం ప్రకటించవలసి వచ్చింది.

చిప్పుల బజారులో కూడా ఇదే చక్రం. ధర ఎక్కితే అందరూ కర్మాగారాలు కడతారు. మిర్చి ఆరు నెలల్లో వస్తే చిప్పు రెండు మూడేళ్లకు వస్తుంది. అందరి సరుకూ ఒకేసారి వచ్చి పడితే ధర కూలుతుంది. అమెరికాకు చెందిన మైక్రాన్ కంపెనీ అమ్మకాలు 2022 ఆర్థిక సంవత్సరంలో 3,076 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాదికి అవి దాదాపు సగమై 1,554 కోట్లకు దిగాయి, నష్టం 583 కోట్ల డాలర్లు. ఆ తరువాత ఏఐ గిరాకీ రావడంతో అదే కంపెనీ మళ్లీ పుంజుకున్నది. అంటే చిప్పు షేరు కూడా సీజన్ ఎరిగి కొనవలసిన సరుకే. ఎప్పటికీ పెరుగుతూ పోయే మొక్క కాదు.

దేశీయ చిప్పుల సంగతి చూద్దాం. 2006లో హైదరాబాద్ శివారున ఫ్యాబ్ సిటీ వస్తుందని, సెమ్‌ఇండియా అనే సంస్థ 300 కోట్ల డాలర్లతో చిప్పుల కర్మాగారం పెడుతుందని ప్రకటించారు. చుట్టుపక్కల భూముల ధరలు ఆకాశాన్ని అంటాయి. చిప్పుల కర్మాగారం మాత్రం రాలేదు. ఇప్పటి ప్రయత్నం అంతకంటె గట్టిదని అంగీకరించాలి. 2021 డిసెంబరులో కేంద్రం 76 వేల కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చింది. 2024 ఫిబ్రవరి 29న గుజరాత్‌లోని ధోలేరాలో తైవాన్ కంపెనీ సాయంతో టాటాలు పెట్టే 91 వేల కోట్ల రూపాయల కర్మాగారానికి ఆమోదం లభించింది. అయినా వేదాంత, ఫాక్స్‌కాన్ కంపెనీల ఉమ్మడి ప్రతిపాదన ఆర్భాటంగా మొదలై 2023 జూలైలో విడిపోవడం కూడా ఇదే కాలంలో జరిగింది. ప్రకటన పునాది రాయి కాదు, పునాది రాయి కర్మాగారం కాదు, కర్మాగారం లాభం కాదు. ఈ నాలుగు మెట్లలో కంపెనీ ఏ మెట్టు మీద ఉన్నదో చూసి ధర కట్టాలి.

ఏఐ: కొనేవారు ఎందరు?

ఏఐ షేర్ల వెనుక నిజమైన అమ్మకాలు ఉన్నాయి. ఎన్విడియా అమ్మకాలు 2023 జనవరితో ముగిసిన ఏడాదిలో 2,700 కోట్ల డాలర్లు కాగా, రెండేళ్లకే 13,050 కోట్లకు చేరాయి. ఇటువంటి ఎదుగుదలను గాలి మాట అనడానికి లేదు. అయితే ఈ చిప్పులు కొంటున్నది ఎవరు? ప్రధానంగా మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్, మెటా వంటి కొద్ది కంపెనీలు. ఈ నాలుగు కలిసి 2025లో పెట్టుబడి వ్యయానికి కేటాయించినది 30 వేల కోట్ల డాలర్లకు పైనే. యార్డులో నలుగురు ఖరీదుదారులే సరుకంతా ఎత్తుతున్న రోజున ధర బాగానే ఉంటుంది. వారిలో ఇద్దరు రాని రోజున ఏమవుతుందో అడ్తిదారులను అడగాలి.

2025 జనవరి 27న ఇందుకు చిన్న మచ్చు కనిపించింది. తక్కువ ఖర్చుతో ఏఐ తయారుచేశామని చైనాకు చెందిన డీప్‌సీక్ సంస్థ చెప్పిన మాటకు ఎన్విడియా విలువ ఒక్క రోజులో దాదాపు 59 వేల కోట్ల డాలర్లు కరిగిపోయింది. తరువాత షేరు కోలుకున్నది నిజమే. కాని ఆ రోజు వాయిదా బజారులో, అప్పు తెచ్చిన డబ్బుతో ఉన్నవాడు కోలుకునే దాకా నిలిచి ఉండడు.

మరొక పాత లెక్క. ఇంటర్నెట్ ప్రపంచాన్ని మారుస్తుందని 2000లో అందరూ నమ్మారు. అది నిజమైంది కూడా. ఇంటర్నెట్‌కు యంత్రాలు అమ్మిన సిస్కో కంపెనీ ఆనాడే కాదు, ఈనాటికీ లాభాల్లో ఉన్నది. అయినా 2000 మార్చిలో ఆ షేరు తాకిన శిఖరాన్ని తిరిగి అందుకోవడానికి 2025 డిసెంబరు దాకా పట్టింది. జోస్యం ఫలించింది, కంపెనీ నిలిచింది, శిఖరం మీద కొన్నవాడు పాతికేళ్లు కాచుకున్నాడు. ఏడాదికి ఒక రూపాయి లాభం తెచ్చే షేరును 20 రూపాయలకు కొనడానికి, 100 రూపాయలకు కొనడానికి తేడా ఇదే.

ఇక పుస్తకాల విషయంలో హైదరాబాద్ నేర్పిన పాఠం మరువరానిది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కలు తారుమారు చేసినట్లు అంగీకరించినప్పుడు, బయటపడిన బొక్క 7 వేల కోట్ల రూపాయలకు పైబడినది. ఆ ఒక్క రోజే షేరు నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. వ్యాపారం మాత్రం బతికింది. టెక్ మహీంద్రా దానిని కొనుగోలు చేసి, 2013లో విలీనం చేసుకున్నది. అదే టెక్ మహీంద్రా 2020 జనవరిలో వరంగల్ మడికొండలో కార్యాలయం తెరిచింది. ఉద్యోగులు మిగిలారు, ఖాతాదారులు మిగిలారు, పాత వాటాదారుడి సొమ్ము మిగలలేదు.

మూడు చేలు కావు, ఒకటే చెరువు

డబ్బు నాలుగు చోట్ల పెట్టాం గనుక ప్రమాదం లేదని పలువురు భావిస్తున్నారు. ఈ భావన పరిశీలించవలసినది. ఏఐకి కావలసినది చిప్పు. చిప్పులు పెట్టడానికి కావలసినది డేటా సెంటరు. డేటా సెంటరుకు కావలసినది కరెంటు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించగానే, విద్యుత్తు, నీరు, తీగల గురించే చర్చ మొదలైంది. ప్రపంచంలోని డేటా సెంటర్లు 2024లో వాడిన కరెంటు సుమారు 415 టెరావాట్ అవర్లు. 2030 నాటికి అది 945కు పెరుగుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా వేసింది. కరెంటు షేర్లకు ఇటీవల వచ్చిన ఊపులో ఈ అంచనా పాత్ర కొంత ఉన్నది.

అంటే ఈ మూడు రంగాలు మూడు చేలుగా కనిపించినా, ఒకే చెరువు కింది ఆయకట్టు. చెరువు నిండితే మూడూ పండుతాయి. అమెరికాలోని ఆ నలుగురు ఖరీదుదారులు చేయి వెనక్కి తీసుకున్న ఏడు మూడూ ఎండుతాయి. మన కరెంటుకు ఇళ్లు, ఫ్యాక్టరీలు, పంపుసెట్ల గిరాకీ వేరే ఉన్నది గనుక ఆ చేనుకు కొంత బావి నీరు ఉన్నదనుకోవచ్చు. తక్కిన రెంటికీ అదీ లేదు.

వైద్య రంగం: వేరే చెరువే, అయినా గండ్లున్నాయి

నాలుగింటిలో నిజంగా వేరే చెరువు కింద ఉన్నది వైద్యమే. జబ్బుకు, ఏఐ గిరాకీకి సంబంధం లేదు. పైగా ఈ రంగంలో తెలుగువారికి స్వానుభవం ఉన్నది. హైదరాబాద్‌లో ఐడీపీఎల్ కర్మాగారం మందుల తయారీ తెలిసిన మనుషులను తయారుచేసింది. 1970 నాటి పేటెంటు చట్టం తయారీ పద్ధతి మారిస్తే మందును చవకగా తయారుచేసుకునే వీలు కల్పించింది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటకు వచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించాడు. ఆ కంపెనీ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరింది. ఇటువంటి కంపెనీలు పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు ఓపిక పట్టిన వాటాదారులకు సంపద చేకూర్చాయి.

అయితే ఇక్కడి గండ్లు కూడా తెలిసినవే. అమెరికా మందుల నియంత్రణ శాఖ తనిఖీకి వచ్చి తప్పు పడితే, ఎంత పెద్ద కంపెనీ షేరైనా ఒక్క పూటలో పడుతుంది. 2015 నవంబరులో మిర్యాలగూడ సహా మూడు కర్మాగారాల విషయంలో డాక్టర్ రెడ్డీస్‌కు హెచ్చరిక లేఖ వచ్చినప్పుడు ఇదే జరిగింది. పేటెంటు తీరిన మందును పదిమంది తయారుచేస్తే ధర మళ్లీ మిర్చి దారి పడుతుంది. 2025 సెప్టెంబరులో అమెరికా పేటెంటు మందుల మీద 100 శాతం సుంకం ప్రకటించిన రోజున, సుంకం వర్తించని జెనరిక్ మందుల కంపెనీల షేర్లు కూడా తగ్గాయి.

ఆసుపత్రుల విషయంలో మళ్లీ ఉద్దెర బెడదే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ప్రైవేటు ఆసుపత్రులకు రోగుల రాక పెరిగింది. 2025 సెప్టెంబరులో అవే ఆసుపత్రులు తెలంగాణలో బకాయిలు తీర్చమంటూ ఆ సేవలు నిలిపివేశాయి. మంచాలు నిండడం ఒకటి, బిల్లు వసూలు కావడం మరొకటి.

ఏ డబ్బు పెట్టాలి?

షేరు ఏది అన్న ప్రశ్నకంటె డబ్బు ఏది అన్న ప్రశ్న ముఖ్యం. అడ్తి దుకాణం రొక్కంలో అంతా యజమాని సొంతం కాదన్న సంగతి బజారుకు తెలుసు. సరుకు కాంటా అయిన రోజున రైతు చేతికి తక్‌పట్టీ, డబ్బు అందాలి. ఖరీదుదారు నుంచి డబ్బు వచ్చేది కొన్ని రోజుల తరువాత. ఈ మధ్యకాలాన్ని మోసేది దుకాణం పెట్టుబడి. అది షేర్లలో చిక్కుకుని, ధర పడిన సమయాన సీజన్ వస్తే రెండే దారులుంటాయి. నష్టానికి అమ్ముకోవాలి, లేదా రైతును రేపు, ఎల్లుండి అని తిప్పాలి. మొదటిది డబ్బు నష్టం. రెండవది పరపతి నష్టం. తాతల నాటి దుకాణం పేరు రెండు సీజన్లలో పోగొట్టుకోవచ్చు. దానిని మళ్లీ సంపాదించడం కష్టం.

ఇక బ్యాంకు సీసీ ఖాతాలోంచి తీసి షేర్లలో పెట్టడం, వాయిదా బజారులో ఆప్షన్లు ఆడడం గురించి సెబీ లెక్కలే చాలు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈ బజారులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1 లక్ష 80 వేల కోట్ల రూపాయలకు పైనేనని సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. 2024-25లోనూ నష్టపోయినవారు 91 శాతం. పాత రోజుల్లో సట్టా బజారు అనగానే పెద్దలు ముఖం చిట్లించేవారు. పేరు మారి, ఫోనులోకి వచ్చినంత మాత్రాన సట్టా వ్యాపారం కాదు.

మరొక సంగతి వరంగల్ కుటుంబాలకు ప్రత్యేకించి వర్తిస్తుంది. దుకాణం తండ్రి నడుపుతుంటే, కొడుకో కూతురో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండడం ఇక్కడ సాధారణం. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామన్నది. కారణం ఏఐ కాదని కంపెనీ చెప్పినా, ఉద్యోగుల భయం తగ్గలేదు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించింది. పిల్లల జీతం సాఫ్ట్‌వేర్ మీద, తండ్రి మిగులు సాఫ్ట్‌వేర్ షేర్ల మీద ఉంటే, కుటుంబం మొత్తం ఒకే కొమ్మ మీద కూర్చున్నట్లే. ఈ లెక్క డీమ్యాట్ ఖాతా చూపించదు. ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవలసినది.

బేరానికి ముందు

కొత్త రంగాల వైపు చూడవద్దని చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం కాదు. నిజాం కాలంలో 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు వరంగల్‌కు అన్నం పెట్టింది. 2002 నాటికి అది మూతపడింది. ఒక్క పాత సరుకునే నమ్ముకున్న ఊరు కూడా నష్టపోతుందనడానికి ఆ మిల్లు స్థలమే సాక్ష్యం. కొత్త వ్యాపారంలో భాగం ఉండవలసిందే. కాని ఆ భాగం వర్తకుడి పద్ధతిలో కొనాలి.

ఆ పద్ధతి కష్టమైనది కాదు. ఒకటి, సీజన్‌కు కావలసిన పెట్టుబడిని, ఇంటి ఖర్చును, ఏడాది వడ్డీని వేరు చేసి, ఐదారేళ్లు తాకనక్కరలేని మిగులునే షేర్లకు తీయాలి. రెండు, కంపెనీ అమ్మేది ఏమిటో, కొనేది ఎవరో, డబ్బు ఎన్ని రోజులకు వస్తుందో ఒక కాగితం మీద రాయలేకపోతే ఆ షేరు కొనరాదు. మూడు, లాభానికి ఎన్ని రెట్ల ధర ఇస్తున్నామో చూడాలి. నాలుగు, అప్పు ఎంతో చూడాలి. మంచి యంత్రాలున్న కంపెనీలను ముంచినది అప్పే. ఐదు, ఒకేసారి కాక, మిర్చి కొన్నట్లు విడతలుగా కొనాలి. ఒక్కొక్క కంపెనీ ఎంపిక తమ వల్ల కాదనుకునే వారికి మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. అందులోనూ ఒకే రంగానికి పరిమితమైన ఫండ్ కంటె బజారు అంతటా విస్తరించినది మేలు. వాట్సాప్‌లో పేరు తెలియనివారు ఇచ్చే ‘పక్కా సమాచారం’ విషయంలో మాత్రం పద్ధతి ఒకటే. యార్డు గేటు బయట సరుకు చూపించకుండా బయానా అడిగేవాడిని ఏం చేస్తామో అదే చేయాలి.

దసరా దాటగానే యార్డులోకి కొత్త పత్తి రావడం మొదలవుతుంది. సంక్రాంతి తరువాత మిర్చి ఎర్రగా పరుచుకుంటుంది. ఎన్విడియా ఆ రోజున ఎక్కినా దిగినా, నర్సంపేట నుంచో పరకాల నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన రైతు, కాంటా అయిన తరువాత అడ్తి దుకాణం మెట్లెక్కి తక్‌పట్టీ చాచి నిలబడతాడు. ఆ పూట గల్లాపెట్టె తెరిచి లెక్కపెట్టి ఇవ్వగలిగిన దుకాణమే దుకాణం. తక్కిన లాభాలన్నీ ఆ తరువాతి మాట.